నగరారోగ్యము - పూచీ ఎవరిది?

2020 మార్చి నెల కడపటి వారమున దేశమంతయు తలుపులు మూసికొని కూర్చుండినపుడు హైదరాబాదు నగరమందలి కల్లుదుకాణములును, మద్యపుటంగళ్ళును మూతపడినవి. కరోనా వ్యాధికి వెఱచి జనులు గడప దాటని ఆ దినములలో ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయపు ముంగిట మాత్రము రోగులు బారులు తీరిరి. చేతులు వణకుచున్నవారు, మూర్ఛలు వచ్చి పడిపోవువారు, కంటికి కానరాని మనుష్యులతో మాటలాడువారు, రాత్రులు నిద్రలేక ఉన్మత్తులవలె వీధులు పట్టినవారు - వీరినందఱ తల్లులో, భార్యలో, అన్నదమ్ములో పట్టుకొని తెచ్చిరి. ఒక్కొక్క దినమున నూఱుమంది వఱకు వచ్చిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. వారముదినములకు ముందు వీరిలో పెక్కుమంది రోగులని యెవ్వరును ఎఱుగరు. ఉదయము పనికి పోయి, సాయంకాలము కల్లు త్రాగి, ఇంటికి వచ్చి పడుకొను కూలిజనము. ప్రభుత్వమువారి ఏ పట్టికయందును వీరి పేరులు లేవు.

దీనికి కారణము మా పాఠకులలో పల్లెటూళ్ల నెఱిగినవారికి తెలియనిది కాదు. తాటిచెట్టునుండియు, ఈతచెట్టునుండియు దిగిన కల్లు మహానగరము దాహమునకు చాలదు. చాలని కల్లునకు నీళ్లును, నీళ్లకు మత్తునిచ్చుటకు మందును కలుపుదురు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రాజోలాము అను నిద్రమందులే ఆ మందు. వైద్యుడు వ్రాసి యిచ్చిననే అమ్మవలసిన ఈ మందులను కూలివాడు తనకు తెలియకుండ ఏండ్లతరబడి ప్రతిదినము సేవించుచున్నాడు. అట్టి శరీరమునకు మందు హఠాత్తుగా నిలిచినయెడల మెదడు తిరుగబడును; వణకు, మూర్ఛ, చిత్తభ్రమ వరుసగా వచ్చును; చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును. ఇది 2020లో క్రొత్తగా తెలిసిన శాస్త్రము కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వమువారు కల్తీకల్లుపై దాడులు చేయించినపుడు నిజామాబాదు మొదలగు జిల్లాల ఆసుపత్రులు ఇదే విధమున నిండినవి. అనగా అయిదేండ్లకు పూర్వమే హెచ్చరిక అందినది. ఆ అయిదేండ్లలో నగరమున ఎవ్వరు దీనిని తమ పనిగా తలంచిరి? 2025 జూలై నెలలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించినపుడు మరల అదే ప్రశ్న వచ్చినది, మరల అదే విధముగా మఱుగున పడినది.

గీతకార్మికులను నిందించుట మా యుద్దేశము కాదు. చెట్టెక్కువాడు నిద్రమందు తయారుచేయలేడు. 2004లో నగరమున మూయించిన కల్లుదుకాణములను 2014లో ప్రభుత్వమే మరల తెఱిపించినది. గీతవృత్తివారి జీవనోపాధికై తెఱిపించితిమని చెప్పినది. అందు కొంత న్యాయము లేకపోలేదు. కాని దుకాణము తెఱిచిన చేతికి, దానివెంట రాగల రోగమునకు మందు సిద్ధము చేయు బాధ్యత కలదా, లేదా? ఇదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయినవానికి కలుగు అనుభవము చిత్రమైనది. కల్లు ఆబ్కారీశాఖది. అందు కలిపిన మందు ఔషధనియంత్రణశాఖది. దానిని రహస్యముగా చేరవేయువాడు పోలీసుశాఖకు చిక్కవలసినవాడు. మూర్ఛవచ్చిన రోగి పెద్దాసుపత్రికి పోవును. అది వైద్యవిద్యాశాఖ క్రింద నున్నది. ఆ రోగి కాపురముండు బస్తీలోని చిన్నదవాఖానా ప్రజారోగ్యశాఖ క్రింద నున్నది. ఆ బస్తీ సందును ఊడ్చునది, దోమలమందు కొట్టునది, చచ్చినవాని పేరు పుస్తకమున వ్రాసికొనునది బల్దియా. మురికికాలువయు, మంచినీటిగొట్టమును జలమండలివి. వీరందఱును తమ తమ దస్త్రములయందు తమ విధిని నెఱవేర్చినవారే. మనిషి మాత్రము వీరి నడుమనుండి జారిపోయినాడు.

దేహమునకు వచ్చు రోగముల విషయమున గూడ ఈ విభజన యెంత ప్రాణాంతకమో నగరవాసులు ఒకసారి చూచియున్నారు. 2009 మే నెలలో భోలక్‌పూరున కొళాయినీరు కలుషితమై వందలమంది వాంతిభేదులతో పడిపోయిరి, పలువురు మరణించిరి. ఆ పేటలో తోళ్లగోదాములు కలవు; వాని మురుగు పోవు దారిలోనే పాతబడిన మంచినీటిగొట్టములు కలవు. గోదామునకు అనుమతి నిచ్చువారు ఒకరు, గొట్టము వేసినవారు ఒకరు, కాలువ తీయించువారు ఒకరు, రోగికి సెలైను పెట్టువారు వేఱొకరు. ఆపద వచ్చిన పిదప ఒకరి వేలు ఒకరిపై చూపబడినది. నీటిరంగు మారినదని పేటవారు మొఱపెట్టుకొనుటకు ఒక్క వాకిలియైన లేకపోయెను. ఉన్న నాలుగు వాకిళ్లలో ఏది తమదో వారికి తెలియకపోయెను.

ఇదియే నగరమునకు మఱియొక కీర్తియు కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదున రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ప్రపంచమంతయు ఆ జ్ఞానముచే బాగుపడినది. దోమకు నేడు హైదరాబాదు నగరపాలకసంస్థయందు ప్రత్యేకశాఖ కలదు, సిబ్బంది కలదు, యంత్రములు కలవు. దోమలు తగ్గినవా అని అడుగువారికి మేము సమాధానము చెప్పజాలము గాని, అడుగుటకైన ఒక అధికారి కలడు. మనోరోగమునకును, త్రాగుడునకును, మత్తుమందులకును, ఆత్మహత్యకును నగరపాలనమున అట్టి అధికారి యొక్కడును లేడు. ఈ రోగములను నగరము తన రోగములుగా నింకను అంగీకరింపలేదు.

అంగీకరింపకపోవుటకు చరిత్ర కారణము. మనస్సునకు వచ్చు రోగమును మనవారు మొదటినుండియు ఊరివెలుపలి వ్యవహారముగా చూచిరి. హైదరాబాదు రాజ్యపు ఉన్మాదచికిత్సాలయము ఎన్నో ఏండ్లు దూరమున జాల్నాయందుండి, 1953లో ఎఱ్ఱగడ్డకు వచ్చినది. తెలుగుదేశపు మఱియొక పెద్ద ఆసుపత్రి విశాఖపట్టణపు వాల్తేరులో పందొమ్మిదవ శతాబ్దమునుండియు కలదు. 1946లో భోరు సంఘమువారు తమ నివేదికయందు హిందూదేశమంతటికిని మానసికరోగులకు సుమారు పదివేల పడకలే కలవనియు, అనగా నలుబదివేల జనమునకు ఒక్క పడక యనియు, ఇంగ్లండులో మున్నూఱుమందికి ఒకటి కలదనియు వ్రాసిరి. పరాయిప్రభుత్వము పోయినది, పడకల లెక్క కొంత మారినది, ఊరివెలుపలి దృష్టి మాత్రము మారలేదు. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము వచ్చెను. 1996లో దానిని జిల్లాకార్యక్రమముగా విస్తరింపజేసిరి. బళ్లారి జిల్లాయందు బెంగుళూరు నిమ్హాన్సు సంస్థవారు చేసిన ప్రయోగమును చూచి, పల్లెలకు వైద్యుడు లేడు గనుక పల్లెలకు పంపవలెనని తలంచి చేసిన ఏర్పాటది. మంచి ఏర్పాటే. కాని అందు నగరమునకు వేఱుగా ప్రణాళిక లేదు. నగరమున పెద్దాసుపత్రి యున్నది గదా యని యూరకుండిరి.

ఆ యూరకుండుట యెంత పొరపాటో 2015-16లో నిమ్హాన్సువారే చేసిన జాతీయపరిశీలన తేల్చినది. వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసికవ్యాధితో బాధపడుచున్నారు. మహానగరములలో ఈ లెక్క నూటికి పదునాలుగు దాటినది, పల్లెలకంటె హెచ్చు. వ్యాధినిబట్టి 70 మొదలు 92 శాతము వఱకు రోగులకు ఏ చికిత్సయు అందుటలేదు. అనగా పెద్దాసుపత్రి ప్రక్కనే యున్నను రోగి దానిలోనికి పోవుటలేదు. ఎందుకు పోవును? ఎఱ్ఱగడ్డ యనుమాట నగరమున ఆసుపత్రి పేరుగా కాక తిట్టుగా వాడుకలో నున్నది. సంబంధము కుదురవలసిన పిల్ల యున్న యింట ఆ బస్సు ఎక్కుటకైనను జంకుదురు. ఒకదినపు కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి, సాయంకాలము వఱకు కూర్చుండి, పదిదినముల మందు తెచ్చుకొని, పదునొకండవ దినమున మానివేయుదురు. మనోరోగమునకు గూడ చక్కెరవ్యాధివలెనే నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్లతరబడి మందు కావలెను; ఆ మందు వీధిచివర దొరకవలెను.

వీధిచివర దుకాణము లేకపోలేదు. 2018లో హైదరాబాదున బస్తీదవాఖానాలు వెలసినవి. ఢిల్లీ నగరమున 2015లో ఆరంభించిన మొహల్లా వైద్యశాలలను చూచి చేసిన పని. సాముదాయికభవనములయందు ఒక వైద్యుడు, ఒక నర్సు, కొన్ని పరీక్షలు, ఉచితముగా మందులు. పేదప్రజ వీనిని ఆదరించినది. 2013లో ఆమోదింపబడిన జాతీయ పట్టణారోగ్య పథకము ప్రకారము ఏబదివేల జనమునకొక ప్రాథమికారోగ్యకేంద్రమును, బస్తీలయందు ఆశాకార్యకర్తలును, మహిళారోగ్యసమితులును ఉండవలెను. హైదరాబాదుతో గూడ ఏడు మహానగరములలో ఈ పథకమును నగరపాలకసంస్థల చేతులమీదుగానే నడుపవలెనని ఆ పథకమును వ్రాసినవారి సంకల్పము. సంకల్పము మంచిదే. ఆచరణలో బల్దియావారు గది యిచ్చిరి, రాష్ట్రశాఖవారు వైద్యుని పంపిరి. గది యిచ్చినవారికి వైద్యుడు వచ్చెనా లేదా యని అడుగు హక్కు లేదు.

మా ఆలోచనలో బస్తీదవాఖానాయే ఈ సమస్యకు మూలస్థానము. రక్తపుపోటు చూచు వైద్యుడు, నిద్ర పట్టుచున్నదా, ఎంత త్రాగుచున్నావు, బ్రతుకుట వ్యర్థమనిపించుచున్నదా యను మూడు మాటలు గూడ అడుగవచ్చును. దానికి క్రొత్త భవనము వలదు, శంకుస్థాపన వలదు, శిలాఫలకము వలదు. బహుశః అందుచేతనే అది జరుగుటలేదేమో! దిగులునకును, చిత్తభ్రమకును వాడు సాధారణపు మందులు వెలయెక్కువైనవి కావు. ప్రతి పది దవాఖానాలకు వారమునకొకమారు మానసికవైద్యుడు వచ్చి కూర్చుండినచో, ఎఱ్ఱగడ్డ పేరు చెప్పకయే ఎఱ్ఱగడ్డ వైద్యము బస్తీలో దొరకును. ఆసుపత్రినుండి ఇంటికి పంపబడిన రోగి పేరు మఱునాడు ఆ బస్తీ ఆశాకార్యకర్తకు చేరినచో, అతడు మందు మానివేసిన పదునొకండవ దినమున ఆమె తలుపు తట్టును. ఆమెకు నేడిచ్చు ప్రతిఫలము ఈ అదనపు శ్రమకు చాలదని మాత్రము మఱువరాదు. పుణ్యకార్యమని చెప్పి స్త్రీలచేత ఉచితముగా పని చేయించుకొను అలవాటు ప్రభుత్వములకు ఎక్కువ.

ఇక బల్దియా చేతిలోనే యున్న మఱియొక సాధనము కలదు. అది చావుపుస్తకము. 1969 నాటి జననమరణముల నమోదు చట్టము ప్రకారము నగరమున చనిపోయిన ప్రతిమనిషి పేరు నగరపాలకసంస్థవారు వ్రాసికొందురు. ఏ పేటలో, ఏ వయస్సున, ఏ కారణమున చచ్చెనో తెలిపెడు కాగితములు వారి బీరువాలలోనే కలవు. ఆ పుస్తకము ధ్రువపత్రము లిచ్చుటకే తెఱువబడుచున్నది. చదువుటకు ఎన్నడును తెఱువబడుటలేదు. ఏ వార్డున కామెర్లు హెచ్చినవి, ఏ వార్డున ముప్పదియేండ్లలోపు మగవారు కాలేయవ్యాధితో చచ్చుచున్నారు, ఏ వార్డున బలవన్మరణములు మూడునెలలలో ఇబ్బడియైనవి - నెలకొకమారు ఎవరైన కూర్చుండి చదివినచో తెలియును. పేరులు ప్రకటింపనక్కఱలేదు, ప్రకటింపరాదు గూడను. అంకెలు చాలును.

ఈ చావుల ప్రసక్తి మా పాఠకులలో పెక్కుర యింటివఱకు వచ్చు విషయము. పొలమమ్మి, లేదా పొలముపై అప్పు తెచ్చి, పిల్లలను నగరపు కళాశాలలకును, వసతిగృహములకును పంపని గృహస్థు నేడు తెలుగునాట అరుదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు, లెక్కింపులో తప్పులు దొరలినవను ఆందోళన చెలరేగినది. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితముల దినము ముందుగా తెలిసిన దినమే. వరద వచ్చునని తెలిసినపుడు పడవలు సిద్ధముచేసికొను నగరము, ఫలితములు వచ్చునని తెలిసినపుడు వసతిగృహములకు నలుగురు సలహాదారులను ఎందుకు పంపజాలదు? వసతిగృహమునకు అగ్నిప్రమాద నివారణపత్రము కావలెనని బల్దియావారు అడుగుదురు. వర్తకపు అనుమతికి రుసుము వసూలుచేయుదురు. రెండువందలమంది పిల్లలుండు చోట వారి మాట వినుటకు ఒక్క మనిషియైన కలడా యని మాత్రము అడుగరు. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వమువారు టెలిమానసు అను ఉచిత దూరవాణి సేవను ప్రారంభించిరి. దాని సంఖ్య 14416. తెలుగున మాటలాడవచ్చును. ఈ సంఖ్య ప్రతి వసతిగృహపు గోడపై నుండవలసినది. తల్లిదండ్రులు మఱుసారి పిల్లలను చూడబోయినపుడు అది యున్నదా లేదా చూచి, లేనిచో వ్రాయించి రావలెనని మా కోరిక.

చట్టము లేదనువారికి చట్టము చూపుట కష్టము కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగసవరణ పండ్రెండవ షెడ్యూలున పురపాలకసంఘములకు అప్పగింపదగిన పదునెనిమిది విషయములు కలవు. అందు ఆఱవది ప్రజారోగ్యము. 2017 నాటి మానసికారోగ్యసంరక్షణచట్టము, ప్రభుత్వము నడపు సేవలనుండి మానసికచికిత్స పొందుటను ప్రతిమనిషికి హక్కుగా ఒసగినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని నేరస్థునిగా కాక తీవ్రమైన మనోవ్యథలో నున్నవానిగా చూడవలెనన్నది. వీధులవెంట తిరుగు మానసికరోగికి రక్షణ కల్పించు విధిని పోలీసుఠాణా అధికారిపై నుంచినది. కార్యక్రమముల భారమును మాత్రము కేంద్ర రాష్ట్రప్రభుత్వములపై మోపినది. ఆ రోగి పండుకొను వంతెన క్రిందిచోటు, అతనికి రాత్రి తలదాచుకొను ఆశ్రయము, అతడు వాడు సులభశౌచాలయము - ఇవన్నియు నగరపాలకసంస్థవి. కాగితముపై హక్కు ఒకచోట, కాలు మోపు నేల మఱియొకచోట!

సర్కారాంధ్రపు పట్టణముల సంగతి యింకను విచిత్రము. 1939లో, రాజగోపాలాచారిగారి మంత్రివర్గకాలమున, మద్రాసు ప్రజారోగ్యచట్టము పుట్టినది. దేశమున అట్టి చట్టములలో అది మొదటిది. పురపాలకసంఘములు ప్రభుత్వపు గ్రాంట్లు మినహా తమ రాబడిలో నూటికి ముప్పదివంతులకు తక్కువకాకుండ ప్రజారోగ్యమునకై ప్రత్యేకింపవలెనని అందు శాసించిరి. నిజాము రాజ్యముననున్న హైదరాబాదునకు అది వర్తింపలేదు గాని, బెజవాడ, గుంటూరు, రాజమహేంద్రవరము, విశాఖపట్టణములకు వర్తించినది. ఆంధ్రప్రదేశమునకు వారసత్వముగా వచ్చినది. ఈ ముప్పదివంతులలో మనస్సు నిమిత్తము ఒక్కవంతైన ప్రత్యేకించిన పురపాలకసంఘమున్నయెడల దాని పేరు మా పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.

డబ్బు మాట వచ్చినది గనుక పన్నుల మాటయు చెప్పవలెను. 1919లో చీరాల పేరాలలను కలిపి పురపాలకసంఘము చేసినపుడు సుమారు నాలుగువేలుండిన పన్ను నలుబదివేలకు ఎగబ్రాకినది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ప్రజలు ఊరు విడిచి రామనగరున పాకలు వేసికొని నెలలతరబడి కాపురముండిరి. పన్ను నిరాకరణముగా ఆ కథను మనము చెప్పుకొందుము. అందు మఱియొక భాగమును గలదు. మాకు అక్కఱలేని సంఘమును మాపై మోపి, మేము మోయలేని ఖర్చు మాచేత పెట్టింపవలదని వారన్నారు. పన్నునకు ప్రతిఫలమేమని అడుగు హక్కు ఆనాటినుండియు తెలుగు పన్నుదారుని సొత్తు. నేటి గృహస్థు ఆస్తిపన్ను చెల్లించి, రోడ్డులోని గుంటను గూర్చి మాత్రమే అడుగుచున్నాడు. గుంటను గూర్చి అడుగుట తప్పు కాదు. కాని తన యింట పనిచేయు మనిషి భర్త మూర్ఛవచ్చి పడిపోయినప్పుడు ఏ దవాఖానాకు పోవలెనో గూడ ఆ పన్నులో చేరిన ప్రశ్నయే.

మద్యమువలన రాష్ట్రఖజానాకు వచ్చు రాబడి యెట్టిదో చెప్పనక్కఱలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణమద్యనిషేధము వచ్చి 1997లో సడలిపోయినది. ఖజానా నిలువలేదన్నారు. నిషేధము మంచిదా కాదా యను చర్చ వేఱు. అమ్మినంతకాలము, అమ్మగా వచ్చిన సొమ్ములో నిర్ణీతమైన భాగము, అమ్మిన నగరమునకే, త్రాగుడు మాన్పించు చికిత్సకై ముట్టవలెననుటకు ఏ పక్షమువారికిని అభ్యంతర ముండరాదు.

అయితే ఒకే అధికారికి అప్పగించి, డబ్బిచ్చినంతమాత్రాన పని యగునా? న్యూయార్కు నగరము ఈ దారిలో మనకంటె చాల ముందు నడచినది. 1866లో విషూచి భయముచే ఆరోగ్యమండలిని స్థాపించిన ఆ నగరము, 2002లో ఆరోగ్యశాఖను, మానసికారోగ్యశాఖను ఒక్కటిగా కలిపినది. 2015లో నగరాధ్యక్షుని భార్య చొరవతో థ్రైవు అను పెద్ద కార్యక్రమము మొదలైనది. సుమారు 85 కోట్ల డాలర్ల వ్యయము తలపెట్టిరి. 2019 నాటికి ఆ నగరసభ్యులే లేచి, ఎన్ని దూరవాణి పిలుపులు వచ్చినవో, ఎందఱికి శిక్షణ యిచ్చితిరో చెప్పుచున్నారు సరే, తీవ్రరోగులలో ఎందఱు బాగుపడిరో చెప్పుడని నిలదీసిరి. సరియైన సమాధానము రాలేదు. 2021లో హార్లెము ప్రాంతమున మొదలుపెట్టిన వేఱొక పద్ధతి, మనోవ్యథతో నున్నవారివద్దకు పోలీసులకు బదులు వైద్యసహాయకులను పంపుట, చిన్నదిగా మొదలై, లెక్కలు ప్రకటించుచు సాగినది. మనవారు అనుకరింపదలచిన, కలిపిన శాఖను, ఆ నిలదీసిన సభను రెంటిని గూడ అనుకరింపవలెను. మొదటిదానిని మాత్రమే తెచ్చుకొన్నచో మనకు లభించునది మఱియొక కమీషనరు, మఱియొక కారు.

నిలదీయుటకు మనకు మనుష్యులు లేకపోలేదు. 1917లో అహమ్మదాబాదున ప్లేగు వ్యాపించినప్పుడు పురపాలకసంఘపు పారిశుద్ధ్యోపసంఘమున నుండిన వల్లభాయి పటేలు ఊరు విడువక వీధులలోనే తిరిగెను. ప్రకాశముగారు రాజమహేంద్రవరపు పురపాలకాధ్యక్షులుగా ప్రజాజీవితము నారంభించిరి. ఆనాటి పెద్దలకు పురపాలకసంఘము శాసనసభకు ఎక్కు మెట్టు మాత్రమే కాదు. స్వరాజ్యము వీధిలో ఎట్లుండునో చూపు చోటు. నేటి కార్పొరేటరులలో వీధిదీపమునకై పోరాడువారు కలరు. వారిపై మాకు గౌరవము కలదు. తన వార్డులోని బస్తీదవాఖానాలో గతమాసమున మనోరోగపు మందు ఎన్నిదినములు లేదో అడిగినవారిని గూర్చి మాత్రము మేమింకను వినలేదు.

కావున హైదరాబాదు నగరమును ఏలువారిని మేము కోరునది స్వల్పము. నగరారోగ్యమున దేహమునకును, మనస్సునకును, వ్యసనములకును కలిపి బాధ్యుడైన అధికారి నొకనిని నియమించి, అతని పేరు ప్రకటింపవలెను. ఆబ్కారీ, పోలీసు, జలమండలి, రాష్ట్రవైద్యశాఖలవారు నెలకొకమారు అతనియెదుట కూర్చుండవలెను. కల్లుదుకాణములపై దాడి జరుగబోవునపుడు ఆబ్కారీవారు ఆ వార్తను దవాఖానాలకు ముందుగా రహస్యముగా చేరవేయవలెను. దుకాణము మూసిన మఱునాటికి మందును, మంచమును సిద్ధముగా నుండవలెను. చావుపుస్తకపు అంకెలను వార్డులవారీగా మూడునెలల కొకమారు అచ్చువేయవలెను. రాబోవు ఆదాయవ్యయపట్టికలో మానసికారోగ్యమని ఒక పద్దు తెఱువవలెను. మొదటి సంవత్సరము అందు వ్రాయు మొత్తము చిన్నదైనను మాకు అభ్యంతరము లేదు. పద్దు లేనిచోట ప్రశ్నయు పుట్టదు. ఆ పట్టిక సభముందునకు వచ్చిన దినమున ఆ పద్దు ఏ పుటలో నున్నదో చూచి, మా పాఠకులకు తెలియజేయుదుము.